ఫ్లాటు అద్దె: చెప్పే రేటు పాతిక వేలు, పడే రేటు ముప్పైఎనిమిది వేలు

(మా వాణిజ్య విలేఖరి)

హైదరాబాదు: యార్డులో పాట ముగిసిన ధరకే సరుకు తన గోదాములో దిగుతుందని నమ్మే వర్తకుడు ఎక్కడా ఉండడు. మిర్చి కానీ, పసుపు కానీ, కందులు కానీ, పాట ధర మీద హమాలీ, కాటా కూలి, మార్కెట్ సెస్సు, గోనె, లారీ కిరాయి, కోల్డు స్టోరేజీ అద్దె, పెట్టుబడి మీద వడ్డీ, ఎండలో పోయే తరుగు వేసుకొని క్వింటాలు ఎంత పడిందో నోటి లెక్కగా చెప్పగలడు. గిట్టుబాటు చూసేది ఆ పడిన ధర మీదనే. అటువంటి వర్తకుడే పిల్లల చదువు కోసమో, నగరంలో వ్యాపారం చూసుకొనే కుమారుని కోసమో హైదరాబాదులో ఫ్లాటు తీసుకొనేటప్పుడు దళారి చెప్పిన అద్దె ఒక్కటే లెక్కకు పట్టుకొని, మిగిలినవన్నీ చిల్లర ఖర్చుల పద్దు కిందకు తోసివేయడం పరిపాటిగా ఉన్నది. పదకొండు నెలలు తిరిగేసరికి ఆ చిల్లర పద్దు అద్దెలో సగానికి చేరుతున్నది.

వరంగల్లు, ఖమ్మం, నిజామాబాదు, గుంటూరు వర్తక కుటుంబాలు నగరంలో ఒక కాపురం పెట్టడం కొత్త కాదు. కళాశాలలు తెరిచే ముందు, మే, జూన్ నెలల్లో కూకట్‌పల్లి, మియాపూరు, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట ప్రాంతాల్లో రెండు పడక గదుల ఫ్లాట్లకు గిరాకీ హెచ్చుతుంది. గిరాకీ ఉన్న రోజుల్లో కొనేవాడికి బేరం తక్కువ. “సావుకారు గారూ, ఓనరు ఇరవై ఆరు అన్నాడు, మీ మొహం చూసి పాతికకు ఒప్పించాను” అని దళారి అనగానే, వెయ్యి తగ్గిందన్న సంతోషంలో బయానా చేతిలో పెట్టడం జరుగుతున్నది. వెయ్యి చొప్పున పదకొండు నెలలకు మిగిలేది రు. 11,000. అదే ఒప్పంద పత్రం మూడో పేజీలో ‘ఖాళీ చేయునపుడు రంగుల నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును’ అన్న ఒక్క వాక్యం రు. 25,000 పట్టుకొని పోతుంది. మొదటి దాని మీద గంటసేపు బేరం నడుస్తుంది. రెండవది చదివేవారే తక్కువ.

పదకొండు నెలల లెక్క

ఇల్లు అద్దె పత్రాలు పదకొండు నెలలకే రాయడానికి కారణం వర్తకులకు తెలిసిందే. సంవత్సరానికి మించిన కౌలు పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయవలసి ఉంటుంది. ఆ ఖర్చు తప్పించుకొనేందుకు రెండు పక్షాలూ పదకొండు నెలలకు కుదురుతాయి. కనుక ఫ్లాటు పడిన ధర తీయవలసింది కూడా పదకొండు నెలల మీదనే. గడువు ముగిసిన తరువాత యజమాని కొనసాగిస్తాడన్న హామీ కాగితం మీద లేనప్పుడు, ఒకేసారి పెట్టిన ఖర్చులన్నీ ఆ పదకొండు నెలలే మోయాలి.

రు. 25,000 అద్దె ఉన్న 1,250 చదరపు అడుగుల ఫ్లాటు ఒకటి నమూనాగా తీసుకొందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకొన్నవే. పేటను బట్టి, భవనాన్ని బట్టి మారతాయి.

అద్దె, 11 నెలలకు: రు. 2,75,000
మెయింటెనెన్సు, నెలకు రు. 3,000 చొప్పున: రు. 33,000
దళారీ, ఒక నెల అద్దె: రు. 25,000
రెండు నెలల అడ్వాన్సు రు. 50,000 మీద నూటికి రూపాయి వడ్డీ: రు. 5,500
సామాను లారీ, హమాలీ, అపార్టుమెంటు సంఘం రుసుము: రు. 17,000
విద్యుత్తు, నెలకు సగటున రు. 1,800: రు. 19,800
వేసవి మూడు నెలలు నీటి ట్యాంకర్ల వాటా: రు. 3,000
గీజరు, కర్టెన్ల కడ్డీలు, ఏ.సి. బిగింపు, స్టాంపు కాగితాలు వగైరా: రు. 12,000
ఖాళీ చేసేటప్పుడు రంగుల కోత: రు. 25,000
మొత్తం: రు. 4,15,300

దీనిని పదకొండుతో భాగిస్తే నెలకు రు. 37,755 పడుతున్నది. చెప్పిన ధర మీద నూటికి 51 రూపాయల పెంపు. ఏ సరుకులోనైనా పాట ధరకూ పడిన ధరకూ ఇంత తేడా వస్తే ఆ సరుకు జోలికి వెళ్లే వర్తకుడు ఉండడు.

ఈ పద్దుల్లో ఒకసారి పెట్టి ఊరుకొనే ఖర్చులు నాలుగు: దళారీ, సామాను తరలింపు, బిగింపులు, రంగుల కోత. వాటి మొత్తం రు. 79,000. అదే ఫ్లాటులో మూడు గడువులు, అంటే 33 నెలలు ఉండి, గడువుకు 5 శాతం చొప్పున రెండుసార్లు అద్దె పెంచినా, నెలకు పడేది సుమారు రు. 34,240 మాత్రమే. అద్దె పెరిగినా పడిన ధర తగ్గింది. కనుక పిల్లవాడి చదువు నాలుగేళ్లున్న కుటుంబం వెయ్యి రూపాయల తగ్గింపు కోసం కాక, రెండో గడువు, మూడో గడువు హక్కు కోసం, పెంపు శాతం ముందే రాయించుకొనడం కోసం బేరం చేయడం లాభసాటి.

దళారీ ఇవ్వడాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఈ పేజీ చదువరులలో చాలామంది ఆ రుసుము మీద బతుకుతున్నవారే. అయితే గడువు పొడిగించినప్పుడల్లా మళ్లీ సగం నెల అద్దె అడిగే వాడుక కొన్ని పేటల్లో కద్దు. మొదటి రోజే ఆ మాట తేల్చుకోవాలి. ఇచ్చిన బయానాకు రసీదు, బేరం చెడితే వెనక్కు వచ్చేదీ రానిదీ రాతలో ఉండాలి.

నిద్రపోయే సొమ్ము

అడ్వాన్సును ఖర్చుగా చూడనివారు ఎక్కువ. తిరిగి వచ్చే సొమ్మే కదా అంటారు. తిరిగి వచ్చేదాకా దాని మీద వడ్డీ నడుస్తుందని వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. రెండు నెలల అడ్వాన్సు ఉన్న హైదరాబాదులో ఇది నెలకు రు. 500తో పోతుంది. బెంగుళూరులో అయిదారు నెలల నుంచి పది నెలల దాకా అడిగే వాడుక ఉన్నది. అక్కడ పిల్లలను చదివించుకొనే అనంతపురం, హిందూపురం వర్తకులు ఈ పద్దును విడిగా చూసుకోవాలి. పది నెలల అడ్వాన్సు అంటే రు. 2,50,000. నూటికి రూపాయి చొప్పున నెలకు రు. 2,500. రూపాయిన్నరకు తెచ్చినవారికి రు. 3,750. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉన్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన శాసనం చేసుకొంటేనే అమలు.

గోనెతో సహా తూకం

మెయింటెనెన్సు చదరపు అడుగుకు ఇంత అని కడతారు. ఇక్కడ అడుగు ఏదన్నది చూడాలి. 1,250 అడుగులు అన్నది ‘సూపర్ బిల్టప్’ కొలత. మెట్లు, లిఫ్టు, వరండాలలోని వాటా అందులో కలుస్తుంది. తలుపు లోపల మనం తిరిగే జాగా అందులో నాలుగింట మూడు వంతులకు అటూ ఇటూగా ఉంటుంది. గోనెతో సహా తూచి బిల్లు వేసినట్లు, అడుగుకు రు. 2.40 చొప్పున వసూలు మాత్రం 1,250 అడుగుల మీదనే. ఆ రు. 3,000లో కావలివాడు, లిఫ్టు, ఆవరణ దీపాలు కలిశాయా, జనరేటరు డీజిలుకు వేరే మీటరు ఉన్నదా, రెండో బండికి జాగా ఉన్నదా అని అడగాలి. భవనానికి బయటి రంగులు, లిఫ్టు మార్పిడి వంటి పెద్ద పనులకు సంఘం వేసే చందా యజమానిదే కావాలి. ఒప్పందంలో ఆ మాట లేకపోతే బిల్లు తలుపు సందులోంచి కాపురమున్నవాడికే వస్తుంది.

పెద్ద సముదాయాలలో మరొకటి ఉన్నది. సభ్యుని నెల చందా రు. 7,500 దాటి, సంఘం వార్షిక వసూళ్లు రు. 20 లక్షలు మించితే జి.యస్.టి. 18 శాతం పడుతుంది. మొత్తం మీద కట్టాలని 2019లో కేంద్రం సర్క్యులరు ఇవ్వగా, మించిన భాగం మీదనే అని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. అద్దెకున్నవారు తమ సంఘం ఏ లెక్కన వసూలు చేస్తున్నదో బిల్లు చూసి తెలుసుకోవాలి.

ఒక్క యూనిటు ఖరీదు రు. 207

విద్యుత్తు బిల్లు వాడకానికి తగ్గట్టు సమంగా పెరగదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన గృహ రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడినవారికి మొదటి వంద రు. 3.40 చొప్పున, రెండో వంద రు. 4.80 చొప్పున పడుతుంది. సరిగ్గా 200 యూనిట్లకు రు. 820. వాడకం 201కి చేరిందంటే శ్లాబు మారి, మొదటి 200 యూనిట్లకే రు. 5.10 చొప్పున, ఆ పై యూనిట్లకు రు. 7.70 చొప్పున కట్టాలి. బిల్లు రు. 1,027.70. స్థిర చార్జీలు వేరే. అంటే ఆ చివరి ఒక్క యూనిటు ఖరీదు రు. 207.70. మన నమూనా ఫ్లాటులో వాడకం 280 యూనిట్లు అనుకొంటే వాడకం చార్జీయే రు. 1,636 అవుతుంది, మిగిలిన చార్జీలు కలిపి రు. 1,800 వేసుకొన్నాం.

ఫ్లాటు కాక, ఇంట్లో ఒక పోర్షను తీసుకొనేవారికి ఇంకో చిక్కు ఉన్నది. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే వాడకాలు కలిసి పై శ్లాబులో పడతాయి. చెరి 150 యూనిట్లు వాడే రెండు కుటుంబాలకు వేరు వేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి రు. 580, ఇద్దరికీ రు. 1,160. ఒకే మీటరు మీద 300 యూనిట్లు తిరిగితే రు. 1,790. తేడా రు. 630 ఎవరి తప్పూ లేకుండానే రెండు కాపురాల మీద పడుతుంది.

వాడకం పెరిగినచోట విద్యుత్తు సంస్థ అదనపు వినియోగ డిపాజిటు అడుగుతుంది. బిల్లులో ఏ.సి.డి. అని కనిపించే పద్దు అదే. రెండు నెలల వాడకానికి సరిపడా డిపాజిటు తమ వద్ద ఉండాలన్నది దాని లెక్క. కట్టేది కాపురమున్నవాడు, జమ పడేది కనెక్షను ఎవరి పేరున ఉంటే వారికి, దాని మీద వచ్చే వడ్డీ కూడా వారి బిల్లులోనే తగ్గుతుంది. ఇల్లు మారినప్పుడు ఆ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. కనుక ఏ.సి.డి. కట్టిన నెలలో అంత మేరకు అద్దెలో తగ్గించి ఇవ్వవచ్చునని పత్రంలో ఒక వాక్యం చేర్పించడం మంచిది. ఏ.సి.ల వల్ల మంజూరైన లోడు మించిందని వచ్చే నోటీసుకూ ఇదే పద్ధతి.

నీటి సంగతి క్లుప్తంగా. మంజీరా కనెక్షను ఉన్నదా, బోరు మీదనే నడుస్తున్నదా అని అడిగి తీరాలి. నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైనా, దానికి మీటరు ఉండాలి. బోరు ఎండిన భవనంలో ఏప్రిల్ నుంచి ట్యాంకర్ల వాటా ఎంత పడిందో పాత బిల్లులు కావలివాడి వద్దో, సంఘం కార్యదర్శి వద్దో దొరుకుతాయి.

జి.యస్.టి. నంబరు ఉన్నవారికి

ఉద్యోగస్థునికి లేని ఒక ఖర్చు వర్తకునికి ఉన్నది. 2022 జూలై 18 నుంచి, జి.యస్.టి. నంబరు కలిగినవారు నివాస గృహం అద్దెకు తీసుకొంటే 18 శాతం పన్ను అద్దెకు తీసుకొన్నవారే ఎదురు కట్టాలన్న నిబంధన వచ్చింది. గగ్గోలు తరువాత 2023 జనవరి 1 నుంచి ఒక సడలింపు ఇచ్చారు. సొంత యాజమాన్య వర్తకుడు తన సొంత హోదాలో, తన కాపురానికి, వ్యాపారం లెక్కకు కాకుండా తీసుకొంటే ఈ పన్ను లేదు. దీనితో ఇక భయం లేదని చాలామంది అనుకొన్నారు. అయితే ఒప్పంద పత్రం దుకాణం పేరున రాయించి, దుకాణం ఖాతా నుంచి చెక్కు ఇచ్చి, వ్యాపార ఖర్చులో చూపితే ఆ సడలింపు నిలవదు. భాగస్వామ్య సంస్థ తన భాగస్థుని కొరకో, గుమాస్తా కొరకో తీసుకొన్న ఫ్లాటుకూ అంతే. రు. 25,000 మీద నెలకు రు. 4,500, పదకొండు నెలలకు రు. 49,500. కాంపోజిషను పద్ధతిలో ఉన్నవారికి కట్టిన దానిలో ఇన్‌పుట్ జమ కూడా రాదు. ఆదాయపు పన్నులో కొంత ఖర్చు చూపవచ్చునన్న ఆశతో దుకాణం పేరు పెట్టేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన వేసుకొని చూసుకోవాలి.

ఓనరు అమెరికాలో ఉంటే

హైదరాబాదుకు ఇది ప్రత్యేకమైన విషయం. ఇక్కడి ఫ్లాట్లలో ఎన్నింటికో యజమానులు అమెరికాలోనో, గల్ఫులోనో ఉన్నారు. తాళం చెవులు ఇచ్చేది తండ్రి, పత్రం మీద సంతకం బావమరిదిది, అద్దె మాత్రం యజమాని ఖాతాకు. స్వదేశంలో ఉన్న యజమానికైతే, వ్యాపారపు లెక్కలకు ఆడిటు లేని వ్యక్తి నెలకు రు. 50,000 మించిన అద్దె ఇచ్చినప్పుడే టి.డి.యస్. కోయాలి, 2024 అక్టోబరు 1 నుంచి ఆ కోత 2 శాతం. ఆడిటు ఉన్న వర్తకునికి కోత 10 శాతం; పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి నెలకు రు. 50,000 చేశారు. పాతిక వేల అద్దెకు ఈ రెండూ తగలవు.

యజమాని ప్రవాసి అయితే ఏ పరిమితీ లేదు. మొదటి రూపాయి నుంచి 30 శాతం, దాని మీద సెస్సు, వెరసి 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత అద్దెకున్నవాడిది. రు. 25,000లో రు. 7,800. కోయకుండా పూర్తి అద్దె పంపితే, పదకొండు నెలలకు రు. 85,800 వడ్డీతో సహా అద్దెకున్నవాడినే అడిగే వీలున్నది. ఆ ఒక్క పద్దు పైన వేసిన ఒకసారి పెట్టే నాలుగు ఖర్చుల మొత్తాన్ని మించిపోతుంది. ఆడిటరు ద్వారా టాన్ నంబరు తీసుకొని కట్టడం ఒక మార్గం. తక్కువ శాతానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి యజమాని ధ్రువపత్రం తెచ్చుకోవడం మరొకటి. రెండూ నచ్చని యజమాని “ఇక్కడ అందరూ మామూలుగానే పంపుతున్నారండీ” అంటే, ఆ ఫ్లాటును అక్కడే వదిలివేయడం మేలు. బేరానికి ముందే ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు చూపమని అడిగితే అసలు యజమాని ఎవరో తెలుస్తుంది. ఆ మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది తరువాతి ప్రశ్న.

రెండు ఫ్లాట్లు, ఒక తక్కెడ

ఇప్పుడు నమూనా ఫ్లాటు పక్కన మరొకటి పెట్టి చూద్దాం. అద్దె రు. 29,000. మెయింటెనెన్సు అందులోనే. దళారి లేడు, యజమానితో నేరుగా బేరం. ఫ్యాన్లు, గీజరు బిగించి ఉన్నాయి. మంజీరా నీరు ఉన్నది. రంగుల కోత లేదు, పగిలినవాటికి మాత్రమే ఖరీదు. అద్దె రు. 3,19,000, రెండు నెలల అడ్వాన్సు మీద వడ్డీ రు. 6,380, విద్యుత్తు రు. 19,800, తరలింపు రు. 17,000, చిల్లర బిగింపులు రు. 3,000, వెరసి రు. 3,65,180. నెలకు పడేది రు. 33,198. నాలుగు వేలు హెచ్చు అద్దె చెప్పిన ఫ్లాటు నెలకు నాలుగున్నర వేలు తక్కువకు పడింది. గడువు మొత్తానికి తేడా రు. 50,120. అద్దె అంకె చూసి మొదటి మెట్టు మీదనే వెనుదిరిగినవారికి ఈ లెక్క అందదు.

అద్దె తగ్గించడానికి యజమానులు ఒప్పుకోరు, ఎందుకంటే పక్క ఫ్లాటు వారితో మాట వస్తుంది. షరతులు మార్చడానికి మాత్రం చాలామంది ఒప్పుకొంటారు. ఖాళీ చేసే నోటీసు రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గించుకోవచ్చు. తాళం చెవులు అప్పగించిన రోజే అడ్వాన్సు చెల్లింపు అని రాయించుకోవచ్చు. లేకపోతే సరుకు డెలివరీ ఇచ్చి బాకీ కోసం తిరిగినట్లు తిరగవలసి వస్తుంది. చేరిన రోజున గోడలు, కుళాయిలు, తలుపులు, స్నానాల గదులు ఫోనులో చిత్రీకరించి, ఆ రోజే యజమానికి పంపి ఉంచితే, అది సరుకు మచ్చు లాంటిది. వెళ్లే రోజున మరక ఎవరిదన్న తగాదాలో ఆ మచ్చు పనికివస్తుంది. రంగుల షరతును కొట్టివేయడానికి యజమాని ఒప్పుకొంటే, గీత గీసిన చోట ఇద్దరి సంతకాలూ, తేదీ వేయించాలి. రెండో ప్రతిలోనూ అదే గీత, అవే సంతకాలు ఉన్నవో లేవో చూసుకొన్న తరువాతనే అడ్వాన్సు చెక్కు ఇవ్వాలి.